మనం టీవీని చూస్తున్నామా, టీవీ మనల్ని చూస్తోందా?

ఈ మధ్య ఆఫీసు పని అవ్వగానే రాత్రిళ్ళు అంతర్జాలంలో పడి ఏవేవో చదవడం అలవాటైపోయింది. ఒకటి వెతకబోతే ఇంకోటి తగలడం మామూలేగా. అలా తగిలినవాటిలో కొన్ని రాజకీయాలు, కొన్ని ప్రైవసీ గొడవలు, కొన్ని సినిమా కబుర్లు. చాలావరకు పాత సంగతులే, నాకు మాత్రం కొత్త. విడివిడిగా చదివితే దేని దారి దానిదే. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం అన్నీ ఒకే మాట చెప్తున్నాయి. మనం ఏం చూస్తామో తెలిస్తే మనం ఎలాంటివాళ్ళమో, చాలాసార్లు మన ఓటు ఎటు పడుతుందో కూడా అంచనా వెయ్యొచ్చు. ఈ సంగతి మనకన్నా ముందే నాయకులకీ, కంపెనీలకీ అర్థమైపోయింది. మనమే ఇంకా "ఆఁ, ఏ సినిమా చూశానో తెలిస్తే ఏమవుతుందిలే" అనుకుంటున్నాం.

ముందు వీడియో షాపు కథ చెప్తాను. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్, రాబర్ట్ బోర్క్ అనే జడ్జిని సుప్రీం కోర్టుకి ఎంపిక చేశాడు. ఈ బోర్క్ గారు రాజ్యాంగంలో ప్రైవసీ అనే సాధారణ హక్కేదీ లేదని వాదించే మనిషి. ఆయన నియామకం మీద సెనేట్‌లో రచ్చ జరుగుతుండగా, వాషింగ్టన్‌లోని ఒక వారపత్రిక విలేకరి తిన్నగా ఆయన సినిమాలు అద్దెకి తెచ్చుకునే షాపుకి వెళ్ళి, ఆయన తీసుకెళ్ళిన కేసెట్ల లిస్టు కావాలని అడిగాడు. వాళ్ళు ఇచ్చేశారు! మొత్తం 146 సినిమాలు. పత్రికలో వేసేశాడు. ప్రైవసీ హక్కు లేదన్నావుగా, ఇదిగో తీసుకో అన్నట్టు.

తీరా చూస్తే అందులో మసాలా ఏమీ లేదు. హిచ్‌కాక్ సినిమాలు, కేరీ గ్రాంట్ సినిమాలు, అలాంటివే. సెనేట్ ఆయన్ని 58-42 ఓట్లతో తిప్పికొట్టింది. దానికి కారణాలు వేరే, సినిమాల లిస్టు కాదు. అసలు తమాషా ఆ తరవాత జరిగింది. ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలూ కలిసి మరుసటి ఏడాదే, అంటే 1988లో, వీడియో ప్రైవసీ ప్రొటెక్షన్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చాయి. దాన్ని బట్టి ఫలానా మనిషి ఫలానా సినిమా తీసుకున్నాడని అతని అనుమతి లేకుండా షాపువాడు బయటపెట్టకూడదు. పెడితే ఆ మనిషి కోర్టుకెళ్ళి కనీసం 2,500 డాలర్లు రాబట్టుకోవచ్చు. అప్పటికి అమెరికాలో జనం వైద్య రికార్డులకి కూడా ఇంత గట్టి ప్రత్యేక కేంద్ర చట్టం లేదు! ఎందుకంత తొందరపడ్డారంటారా? ఆ సభలో కూర్చున్న ప్రతివాడికీ తన లిస్టు గుర్తొచ్చి ఉంటుందని నా అనుమానం :)

మన దగ్గరా ఉండేవి వీడియో షాపులు. శని, ఆదివారాలు వీసీపీ అద్దెకి తెచ్చి, తెల్లారేలోగా మూడు సినిమాలు చూసి, పొద్దున్నే తిరిగిచ్చేవాళ్ళమని మా నాన్నగారు చెప్తుంటారు. షాపాయన దగ్గర ఓ లాంగ్ నోట్‌బుక్కు ఉండేదట. పేరు, కేసెట్టు, బాకీ. వీధిలో ఎవరేం చూస్తారో ఆ ఒక్కడికీ తెలుసు. కానీ ఆ పుస్తకం ఆ షాపు దాటేది కాదు, చెదలు పట్టి పోయేది. ఇప్పటి పుస్తకానికి చెదలు పట్టవు. అదీ తేడా.

రెండోది నెట్‌ఫ్లిక్స్ పోటీ సంగతి. 2006 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు, సినిమాలు సిఫార్సు చేసే మా ప్రోగ్రామ్‌ని 10 శాతం మెరుగుపరిస్తే 10 లక్షల డాలర్లు ఇస్తామని పోటీ పెట్టారు. అందుకోసం దాదాపు 4 లక్షల 80 వేలమంది తమ 17,770 సినిమాలకి ఇచ్చిన 10 కోట్ల పైచిలుకు రేటింగులు అందరికీ ఇచ్చేశారు. పేర్లు తీసేశాం, ఇంక భయం లేదన్నారు. ఏ ఇంజనీరైనా అలానే అనుకుంటాడు. పేరు కాలమ్ డిలీట్ చేసి, ఆ చోట ఓ నంబరు పెడితే అయిపోయింది కదా!

అవ్వలేదు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో అరవింద్ నారాయణన్ అనే మన ఐఐటీ మద్రాసు కుర్రాడు, విటాలీ ష్మాటికోవ్ అనే ప్రొఫెసరు కలిసి దాని మీద పడ్డారు. ఒక మనిషి రేటింగులు ఎనిమిది తెలిస్తే చాలన్నారు. అందులో రెండు తప్పైనా ఫరవాలేదు, తేదీలు రెండు వారాలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. 99 శాతం సందర్భాల్లో ఆ మనిషి వరస ఏదో తేల్చెయ్యొచ్చని చూపించారు. ఊరికే లెక్క కట్టి వదిలెయ్యలేదు. ఐఎండీబీలో జనం బహిరంగంగా పెట్టిన రేటింగులతో పోల్చి ఒకరిద్దరిని పట్టుకున్నారు కూడా. ఒకచోట పేరుతో నాలుగు సినిమాలకి మార్కులేసినవాడు, ఇంకోచోట పేరు లేకుండా చూసినవన్నీ బయటపడతాయన్నమాట. ఫలానా రాజకీయ డాక్యుమెంటరీకి ఎన్ని మార్కులు వేశాడు, ఫలానా మతపరమైన సినిమాకి ఎన్ని వేశాడు అన్నవి చూసి అతని రాజకీయాలు, నమ్మకాలు ఊహించొచ్చని వాళ్ళ వ్యాసంలో రాశారు.

2009 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ మీద దావా పడింది. వేసినవాళ్ళలో ఒకావిడ ఇద్దరు పిల్లల తల్లి. ఆవిడకి ఆడవాళ్ళంటే ఇష్టమన్న సంగతి చుట్టుపక్కల ఎవరికీ తెలియదు, తెలియకూడదు. తను చూసిన సినిమాల వల్ల అది బయటపడుతుందని ఆవిడ భయం. ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు ఒక్కసారి ఆవిడ స్థానంలో నిలబడి చూడండి. చివరికి 2010 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ తన రెండో పోటీని రద్దు చేసుకుంది.

ఇకపోతే టీవీల సంగతి. ఇది చదివాక రిమోట్ తీసి సెట్టింగుల్లోకి వెళ్ళకుండా ఉండలేకపోయాను.

స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ అని ఒకటుంటుంది. ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్. పేరు భయంకరంగా ఉన్నా పని తేలికే. తెర మీద బొమ్మలోంచో, శబ్దంలోంచో చిన్న చిన్న ముక్కలు తీసుకుని, వాటి నుంచి ఓ వేలిముద్ర లాంటి కోడ్ తయారుచేసి సర్వరుకి పంపుతుంది. అక్కడ వేల కొద్దీ కార్యక్రమాల వేలిముద్రలుంటాయి. సరిపోలింది దొరకగానే "ఈ ఇంట్లో ఇప్పుడు ఫలానాది నడుస్తోంది" అని తెలిసిపోతుంది. మీరు చూసేది కేబుల్ బాక్సా, పెన్‌డ్రైవా అన్న పట్టింపు దానికి లేదు. తెర మీదకొచ్చిందా లేదా అంతే.

అమెరికాలో విజియో అనే కంపెనీ 1 కోటి 10 లక్షల టీవీల్లో ఇలా ఏ సెకనుకి ఆ సెకను పోగేసి, దానికి ఆ ఇంటివాళ్ళ వయసు, ఆదాయం లాంటి వివరాలు జత చేయించి, బయటవాళ్ళకి అమ్మిందని ప్రభుత్వం కేసు పెట్టింది. 2017 ఫిబ్రవరిలో 22 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. టీవీకి ఎంత పడిందో లెక్కేశాను. 20 సెంట్లు. మన రూపాయల్లో చెప్పాలంటే ఇరవైకి అటూ ఇటూ. ఆ ధరకి ఏ కంపెనీ భయపడుతుంది?

2024లో లండన్, కాలిఫోర్నియా, స్పెయిన్ పరిశోధకులు కొందరు శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీలు పెట్టి వాటిలోంచి బయటికి పోయే ట్రాఫిక్ అంతా చూశారు. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో లాప్‌టాప్ తగిలించి టీవీని ఉత్త మానిటర్‌లా వాడుతున్నప్పుడు కూడా ఈ ఏసీఆర్ పనిచేస్తూనే ఉందట. నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు చూసేటప్పుడు మాత్రం అలా కనబడలేదు. సెట్టింగుల్లో ఆపేస్తే నిజంగానే ఆగింది. ఇది మంచి కబురే. 2025 డిసెంబరులో టెక్సస్ అటార్నీ జనరల్ ఐదు పెద్ద టీవీ కంపెనీల మీద ఇదే విషయంలో దావాలు వేశాడు.

సరే, ఇంతవరకూ ప్రకటనల వ్యాపారం. మరి రాజకీయం ఎక్కడుంది?

2012 ఒబామా ఎన్నికల ప్రచారంలో ఉంది. ఆయన జట్టు ఓటర్ల లిస్టులోంచి ఎటూ తేల్చుకోని ఓటర్లని వేరుచేసి, ఆ లిస్టుని సెట్ టాప్ బాక్సుల డేటాతో జత చేయించింది. ఈ ఊగిసలాడే ఓటర్లు ఏ ఛానల్ ఏ టైములో చూస్తారో చూసి, అక్కడ చవగ్గా దొరికే ప్రకటనలు కొనుక్కుంది. అందరూ వార్తల మధ్యలో ఖరీదైన ప్రకటనలు వేస్తుంటే, వీళ్ళు అర్ధరాత్రి పాత సీరియళ్ళ మధ్యలో వేశారు. ఆ పద్ధతికి ఆప్టిమైజర్ అని పేరు. అప్పట్లో అందరూ తెలివైన పని అని మెచ్చుకున్నారు. నిజంగానే తెలివైనది. ఇంజనీరుగా నాకూ ముచ్చటేసింది.

ఆరేళ్ళు తిరిగేసరికి, 2018లో, కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ బయటపడింది. వ్యక్తిత్వ పరీక్ష పేరుతో ఒక ఫేస్‌బుక్ యాప్. వేసుకున్నవాళ్ళు లక్షల్లోనే, కానీ వాళ్ళ స్నేహితులతో కలిపి 8 కోట్ల 70 లక్షలమంది దాకా వివరాలు పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. మన దేశంలో ఆ యాప్ వేసుకున్నది 335 మంది. పోయి ఉండొచ్చన్నది 5 లక్షల 62 వేలమందివి! దానివల్ల నిజంగా ఓట్లు మారాయా లేదా అన్నది ఇప్పటికీ వాదనే. కానీ లైకుల నుంచి మనిషిని చదవొచ్చన్నది మాత్రం వాదన కాదు. 2013లోనే కేంబ్రిడ్జ్ పరిశోధకులు 58 వేలమంది లైకులు తీసుకుని, ఇద్దరిలో ఎవరు డెమోక్రాటో ఎవరు రిపబ్లికనో 85 శాతం సరిగ్గా చెప్పగలిగారు. ఆ లైకుల్లో ఎక్కువ భాగం పార్టీల పేజీలు కావు. సినిమాలు, పాటలు, తిండి!

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారా? నిజానికి ఈ లెక్క అమెరికాలో కంటే మన దగ్గరే బాగా కుదురుతుంది.

మన సినిమాకీ మన రాజకీయానికీ ఉన్న చుట్టరికం కొత్తగా చెప్పాలా? 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. 2008లో చిరంజీవి, 2014లో పవన్ కళ్యాణ్ పార్టీలు పెట్టారు. 2024లో పవన్ ఉప ముఖ్యమంత్రి అయ్యారు. ఫలానా హీరో సినిమా మొదటి రోజు మొదటి ఆట చూసినవాడి గురించి మన ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఎన్ని ఊహలు నడుస్తాయో మీకూ తెలుసు. కొన్ని మరీ అన్యాయంగా కులం దాకా పోతాయి. టీ కొట్టు ఊహ తప్పైతే నవ్వి ఊరుకుంటాం. అదే ఊహ ఒక టేబుల్‌లో కాలమ్‌గా కూర్చుంటే, తప్పని చెప్పుకోడానికి కూడా మనకి కనబడదు.

2019 సంగతే తీసుకోండి. ఆంధ్రలో ఎన్నికలు ఏప్రిల్ 11న. జనవరిలో "ఎన్టీఆర్ కథానాయకుడు", ఫిబ్రవరిలో వైఎస్ మీద "యాత్ర" వచ్చాయి. మార్చి 29న "లక్ష్మీస్ ఎన్టీఆర్" తెలంగాణలో విడుదలైంది, ఆంధ్రలో మాత్రం హైకోర్టు దాకా వెళ్ళి, పోలింగు అయ్యేదాకా ఆగిపోయింది. సినిమా చూస్తే ఓటు మారుతుందేమో అని విడుదల ఆపే చోట, ఆ సినిమా ఎవరెవరు చూశారన్న లిస్టుకి విలువ లేదంటే ఎలా నమ్మేది? "యాత్ర" రెండుసార్లు చూసి "కథానాయకుడు" ఇరవై నిమిషాలకే ఆపేసిన ఇంటి గురించి ఏ కార్యకర్తా తలుపు కొట్టి కనుక్కోనక్కర్లేదు. ప్రతిసారీ నిజం కాకపోవచ్చు. కానీ కోటి ఇళ్ళ మీద అంచనా వేసేవాడికి ప్రతిసారీ నిజం కానక్కర్లేదు, సగటు మీద సరిపోతే చాలు.

సరిగ్గా అదే ఏడాది మార్చిలో, ఒక పార్టీకి యాప్ చేసిపెట్టిన హైదరాబాదు కంపెనీ దగ్గర ఓటర్ల వివరాలున్నాయని పోలీసు కేసు అయింది. మీరు మా జనాల డేటా కొట్టేశారని వాళ్ళు, కాదు మీరే మా పార్టీ డేటా కొట్టేశారని వీళ్ళు. ఎవరి మాట నిజమన్నది పక్కన పెట్టండి. ఆ గొడవ అంతటిలోనూ "మా డేటా" అన్నవాళ్ళే గానీ "జనాల డేటా, జనాన్ని అడిగారా" అన్న నాయకుడు నాకైతే కనబడలేదు. అంతకు ముందు ఏడాది, 2018లో, కేంద్ర సమాచార ప్రసార శాఖ కొత్త సెట్ టాప్ బాక్సుల్లో చిప్ పెట్టి ఏ ఛానల్ ఎంతసేపు చూస్తున్నారో లెక్క తీద్దామని ప్రతిపాదించింది. రేటింగుల లెక్క నికరంగా ఉంటుందన్నది వాళ్ళ వాదన. అప్పుడు ప్రతిపక్షం గోల చేసింది. నాలుగు రోజుల్లో మనం మర్చిపోయాం.

ఇప్పుడు మన చట్టం చూద్దాం. అసలు నా బాధంతా ఇక్కడే.

2017 ఆగస్టు 24న మన సుప్రీం కోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. బోర్క్ గారు లేదన్న హక్కు మనకి ఉందన్నమాట. గర్వపడాల్సిన తీర్పే. తరవాత ఆరేళ్ళు నానబెట్టి 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం తెచ్చారు. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీలు సర్దుకోడానికి 18 నెలల గడువిచ్చాయి. ఇందులో మంచి లేకపోలేదు. ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి అనుమతి అడగాలి. ఆ నోటీసు తెలుగులో కావాలంటే తెలుగులోనే చూసుకునే వీలుండాలి. తప్పు చేస్తే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా.

కానీ నాకు గుచ్చుకున్నవి మూడున్నాయి.

ఒకటి. 2019లో పెట్టిన బిల్లులో "సున్నితమైన డేటా" అని వేరే వర్గం ఉండేది. రాజకీయ, మత విశ్వాసాలు అందులో ఉండేవి. 2023 చట్టంలో ఆ వర్గమే లేదు. అంటే నా చెప్పుల సైజూ, నా రాజకీయాలూ ఒకే అరలో ఉన్నాయి.

రెండు. ఆ 250 కోట్లు ప్రభుత్వ ఖజానాకి పోతాయి. డేటా పోయిన మనిషికి పైసా రాదు. ఐటీ చట్టంలో 43ఏ అని నష్టపరిహారం అడిగే సెక్షను ఒకటుండేది, దాన్ని కూడా తీసెయ్యమంటోంది ఈ చట్టం. పైగా మనం తప్పుడు ఫిర్యాదో, పనికిమాలిన ఫిర్యాదో ఇచ్చామని తేలితే మనకే 10 వేల దాకా జరిమానా! అమెరికావాడు 1988లోనే వీడియో కేసెట్ల లిస్టుకి మనిషికి 2,500 డాలర్లు అని రాసిపెట్టాడు. మనవాళ్ళు 2023లో మనిషిని వదిలేసి ఖజానాకి రాసుకున్నారు.

మూడు. ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో తనకి నచ్చిన సంస్థని దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలు చూపి ఈ చట్టం నుంచి తప్పించెయ్యొచ్చు.

"నాలో దాచుకోవాల్సిందేముంది" అనే వాదన మా ఆఫీసులో కూడా వింటుంటాను. దాచడం గురించి కాదండీ ఇది. బోర్క్ గారి లిస్టులో కూడా దాచాల్సిందేమీ లేదు. అయినా ఆ లిస్టు వీధిలో పడిందని రెండు పార్టీలూ సిగ్గుపడ్డాయి. ఓటు రహస్యంగా ఎందుకు వేయిస్తారు? మనం తప్పు చేస్తున్నామని కాదు కదా. ఎవరికి వేశామో తెలిస్తే మన మీద ఒత్తిడి తెచ్చేవాళ్ళూ, పథకం ఆపేస్తామనేవాళ్ళూ ఉంటారని. చాటున వేసిన ఓటుని, హాల్లో చూసిన సినిమాలని బట్టి ఊహించగలిగితే ఆ చాటుకి అర్థమేంటి?

"మంచి సినిమాలు సిఫార్సు చేస్తున్నాయిగా" అనేవాళ్ళూ ఉన్నారు. చేస్తున్నాయి, నేనూ చూస్తున్నాను. సిఫార్సు చెయ్యడానికి నేనేం చూశానో దానికి తెలియాలి, ఒప్పుకుంటాను. కానీ అది నా పేరుతో పదేళ్ళు ఉండక్కర్లేదు, ఇంకొకడి చేతికి వెళ్ళక్కర్లేదు. ఈ ఫీల్డులో ఉన్నవాడిగా ఒక్క మాట చెప్తాను. డేటా తీసెయ్యడానికి ఏ టీముకీ మనసొప్పదు. స్టోరేజి చవక, "ఎప్పటికైనా పనికొస్తుంది" అంటారు. ఎవరికి పనికొస్తుందన్నది అప్పటికి ఎవరూ అడగరు. కాబట్టి కంపెనీ తనంతట తాను తీసేస్తుందని ఎదురుచూడ్డం దండగ, గడువు పెట్టి తీయించాలి.

నాకు చేతనైనంతలో అడగాల్సినవి ఇవీ. ఎవరు ఏం చూశారన్న రికార్డుకి చట్టంలో ప్రత్యేక రక్షణ ఉండాలి. ఏసీఆర్ లాంటివి కొన్నప్పుడే ఆపి ఉండాలి, కావాల్సినవాళ్ళు వేసుకుంటారు. పార్టీలు ఇలాంటి డేటా కొన్నా, జత చేయించినా ఎన్నికల ఖర్చులో చూపించాలి. డేటా పోయినవాడికి పరిహారం దక్కాలి. ఇవన్నీ అయ్యేలోగా ఈ ఆదివారం రిమోట్ తీసి సెట్టింగుల్లో ప్రైవసీ అన్న చోటికి వెళ్ళండి. "వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్", "లైవ్ ప్లస్" లాంటి పేర్లతో ఉంటుంది. ఆపెయ్యండి. అమ్మానాన్నల ఇంటికెళ్ళినప్పుడు అక్కడిదీ ఆపండి, వాళ్ళకి ఆ మెనూ దొరకదు, దొరక్కూడదనే అలా పెట్టారు.

మన నాయకులు దీని మీద ఎప్పుడు కదులుతారంటే, వాళ్ళలో ఒకరి లిస్టు పేపర్లో పడ్డ మర్నాడు. అమెరికాలో అలాగే జరిగింది. అలా పడాలని నేను కోరుకోను, అది ఎవరికి జరిగినా తప్పే. కానీ అంతదాకా ఆగకుండా మనమే ముందు అడిగితే బావుంటుంది కదా. మీ టీవీలో ఆ సెట్టింగు ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా? చూసి చెప్పండి.